ఏ డెస్క్‌టాప్‌లోకి వెళ్లినా ఒకే మెనూ: లైనక్స్‌లో అప్లికేషన్లను సర్దుకోవడం ఎలా

లైనక్స్‌లో డెస్క్‌టాప్ అంటే మెనూలు, విండోలు, ప్యానెళ్లు చూపించే వ్యవస్థ; కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, గ్నోమ్ అలాంటివే. ఒకే కంప్యూటర్‌లో ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ రెండూ పెట్టుకున్నవాళ్లకి ఈ చికాకు బాగా తెలుసు. ఒకచోట గ్రాఫిక్స్ కింద కనిపించిన ప్రోగ్రామ్ ఇంకోచోట ఇతరాల్లో తేలుతుంది. ఒకే బ్రౌజర్ రెండుసార్లు కనిపిస్తుంది. ప్లాస్మాలో ఓపిగ్గా కూర్చుని మెనూ అంతా సర్దుతారు, మర్నాడు ఎక్స్‌ఎఫ్‌సీఈలో లాగిన్ అయితే పాత గందరగోళం అలాగే ఉంటుంది. గ్నోమ్‌లోకి వెళ్తే అసలు మెనూయే ఉండదు, పేజీల కొద్దీ ఐకాన్లు ఉంటాయి.

ఇలా జరగడానికి కారణం, మనం సర్దే చోటు తప్పు. ప్రతి డెస్క్‌టాప్‌కీ ఉన్న మెనూ ఎడిటర్‌లో కూర్చుని సర్దితే ఆ పని చాలావరకు ఆ డెస్క్‌టాప్‌కే పరిమితమైపోతుంది. అన్ని డెస్క్‌టాప్‌లూ చదివే ఉమ్మడి ఫైళ్లు కొన్ని ఉన్నాయి. సర్దుడంతా వీలైనంతవరకు అక్కడ చేసి, మిగిలిన కొద్దిపాటి పనిని మాత్రమే ఒక్కో డెస్క్‌టాప్‌లో విడిగా చేసుకోవాలి. ఈ వ్యాసంలోని అడుగులన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఫైల్ పేర్లు, కమాండ్లు, కీలు (అంటే ఫైల్ లోపల ఒక్కో వివరానికి ఉండే పేర్లు) ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. కీ పేర్లలో పెద్దక్షరాలకీ చిన్నక్షరాలకీ తేడా ఉంటుంది కాబట్టి అవసరమైనచోట అదీ చెబుతాను.

మెనూ ఎక్కడి నుంచి వస్తుంది

2000లో హావొక్ పెన్నింగ్టన్ మొదలుపెట్టిన ఫ్రీడెస్క్‌టాప్ డాట్ ఆర్గ్ అనే ప్రాజెక్టు, వేర్వేరు డెస్క్‌టాప్‌లు ఒకదానితో ఒకటి పొసగడానికి కొన్ని ఉమ్మడి నియమాలు తయారుచేసింది. మెనూకి సంబంధించినవి వాటిలో రెండు. ఒకటి డెస్క్‌టాప్ ఎంట్రీ నియమాలు, రెండోది డెస్క్‌టాప్ మెనూ నియమాలు.

మొదటి దాని ప్రకారం ప్రతి అప్లికేషన్‌కీ .డెస్క్‌టాప్ అనే ముగింపుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ప్రోగ్రామ్ పేరు, ఐకాన్, దాన్ని నడిపే కమాండ్, అది ఏ కోవకి చెందుతుంది అనే వివరాలు అందులో ఉంటాయి. ఇక నుంచి దీన్ని ఎంట్రీ అంటాను. రెండో దాని ప్రకారం .మెనూ ముగింపుతో ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు ఉంటాయి. "గ్రాఫిక్స్ కోవకి చెందినవాటిని ఈ ఉపమెనూలో పెట్టు, ఏ కోవలోనూ ఇమడనివాటిని ఇతరాల్లో పెట్టు" లాంటి సూత్రాలు వాటిలో ఉంటాయి.

కీలకం ఇక్కడే ఉంది. ఎంట్రీలు అందరివీ, .మెనూ ఫైళ్లు ఎవరివి వాళ్లవి. ఎక్స్‌ఎఫ్‌సీఈ తన సూత్రాల ఫైల్‌ని తను చదువుకుంటుంది, ప్లాస్మా తనది తను చదువుకుంటుంది. అందుకే ఒకే ఎంట్రీ రెండుచోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. మనం ఎంట్రీలోని సమాచారాన్ని స్పష్టంగా, అనుమానానికి తావు లేకుండా ఉంచితే, సూత్రాలు వేరైనా ఫలితం దాదాపు ఒకటే వస్తుంది.

ఎంట్రీలు ఉండే చోట్లు, వాటి వరస

డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలు తమ ఎంట్రీలని /యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్ ఫోల్డర్‌లో పెడతాయి. కంప్యూటర్ వాడే అందరి కోసం మీరు చేతితో పెట్టేవి /యూఎస్ఆర్/లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో ఉండాలి. మీ ఒక్కరి కోసం పెట్టేవి హోమ్‌లో ~/.లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో (~ అనే టిల్డా గుర్తు అంటే మీ హోమ్ ఫోల్డర్). ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అనేవి డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలతో సంబంధం లేకుండా ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే పద్ధతులు. ఫ్లాట్‌ప్యాక్ ద్వారా వచ్చినవి /వార్/లిబ్/ఫ్లాట్‌ప్యాక్/ఎక్స్‌పోర్ట్స్/షేర్/అప్లికేషన్స్‌లోనూ, స్నాప్ ద్వారా వచ్చినవి /వార్/లిబ్/స్నాప్‌డీ/డెస్క్‌టాప్/అప్లికేషన్స్‌లోనూ ఉంటాయి.

ఒకే పేరున్న ఎంట్రీ రెండుచోట్ల ఉంటే మీ హోమ్‌లో ఉన్నదే గెలుస్తుంది. కాబట్టి సిస్టమ్ ఫైల్‌ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. /యూఎస్ఆర్/షేర్ లోపల మీరు చేసిన మార్పుని తర్వాతి అప్‌డేట్ తుడిచేస్తుంది. దాన్ని అదే పేరుతో హోమ్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీని మార్చాలి. పేరులో ఒక్క అక్షరం మారినా అది కొత్త ఎంట్రీ అయిపోతుంది, మెనూలో రెండూ కనిపిస్తాయి. ఎంట్రీ ఉపఫోల్డర్‌లో ఉంటే ఆ ఫోల్డర్ పేరు కూడా గుర్తింపులో భాగమే, కాబట్టి కాపీని కూడా అదే పేరున్న ఉపఫోల్డర్‌లో పెట్టండి.

ఒకటో అడుగు: ఉన్నది చూసుకోండి

ముందు బ్యాకప్. ~/.లోకల్/షేర్/అప్లికేషన్స్, ~/.కాన్ఫిగ్/మెనూస్ ఫోల్డర్లు రెండింటినీ వేరే చోటికి కాపీ చేసి పెట్టుకోండి. ఇన్నాళ్లలో ఏయే ప్రోగ్రామ్‌లు అక్కడ ఏం పడేశాయో చూస్తే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది.

తర్వాత మీరు వాడే ప్రతి డెస్క్‌టాప్‌లోనూ లాగిన్ అయి, టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో రెండు విలువలు చూడండి. ఒకటి ఎక్స్‌డీజీ_కరెంట్_డెస్క్‌టాప్, ఇంకోటి ఎక్స్‌డీజీ_మెనూ_ప్రిఫిక్స్. ఈ రెండు పేర్లూ పూర్తిగా పెద్దక్షరాల్లో ఉంటాయి, ముందు డాలర్ గుర్తు పెట్టాలి. మొదటిది ఆ డెస్క్‌టాప్ తనని తాను ఏ పేరుతో చెప్పుకుంటుందో చూపిస్తుంది. ఇది మనం అనుకున్న పేరే కానక్కర్లేదు. సినమన్ తనని ఎక్స్-సినమన్ అని చెప్పుకుంటుంది. ఉబుంటులో గ్నోమ్ అయితే ఉబుంటు, గ్నోమ్ రెండు పేర్లూ మధ్యలో కోలన్‌తో వస్తాయి. రెండోది, ఆ డెస్క్‌టాప్ చదివే .మెనూ ఫైల్ పేరు ముందు చేరే ముక్క. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అది "ఎక్స్‌ఎఫ్‌సీఈ-" అని ఉంటుంది, అంటే అది చదివేది ఎక్స్‌ఎఫ్‌సీఈ-అప్లికేషన్స్.మెనూ ఫైల్. ఈ పేర్లు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇప్పుడు మెనూ తెరిచి మూడు జాబితాలు రాసుకోండి: రెండుసార్లు కనిపిస్తున్నవి, తప్పు చోట ఉన్నవి, అసలు కనిపించనక్కర్లేనివి. మూడోదే ఎక్కువ పొడవుంటుంది. దాన్ని తగ్గిస్తే సగం పని అయిపోయినట్టే.

రెండో అడుగు: కోవలు నిర్ణయించుకోండి

ఎంట్రీలో కేటగిరీస్ అనే కీ ఉంటుంది, మొదటి అక్షరం పెద్దది. దానికి ఎదురుగా సెమీకోలన్లతో విడదీసిన కోవల పేర్లుంటాయి. నియమాలు చెప్పే ప్రధాన కోవలు 13: ఆడియోవీడియో, ఆడియో, వీడియో, డెవలప్‌మెంట్, ఎడ్యుకేషన్, గేమ్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్, ఆఫీస్, సైన్స్, సెట్టింగ్స్, సిస్టమ్, యుటిలిటీ. ఇవి కాక వెబ్‌బ్రౌజర్, టెక్స్ట్‌ఎడిటర్ లాంటి అదనపు కోవలు చాలా ఉన్నాయి. అవి ప్రధాన కోవకి తోడుగా రావాలి.

మెనూలు వేర్వేరుగా కనిపించడానికి అన్నిటికంటే పెద్ద కారణం, ఒక ఎంట్రీలో రెండు మూడు ప్రధాన కోవలు ఉండటం. ఉదాహరణకి ఒక నోట్స్ ప్రోగ్రామ్‌లో ఆఫీస్, యుటిలిటీ రెండూ ఉంటే అది మెనూలో రెండుచోట్ల కనిపించవచ్చని నియమాలే చెబుతాయి. ఒక డెస్క్‌టాప్ రెండుచోట్లా చూపిస్తుంది, ఇంకోటి తన సూత్రాలని బట్టి ఒకచోటే చూపిస్తుంది. అందుకని నా గట్టి సలహా: ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక్క ప్రధాన కోవ మాత్రమే ఉంచండి. ఆ ప్రోగ్రామ్ ఇంకేం చేయగలదు అన్నది పక్కన పెట్టి, మీరు దాన్ని ఏ పని కోసం తెరుస్తారో ఆ కోవే ఇవ్వండి. ఫోటోలు సరిచేయడానికి తెరిస్తే గ్రాఫిక్స్, అంతే.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. ఆడియో లేదా వీడియో కోవ ఇచ్చినప్పుడు ఆడియోవీడియో కూడా తప్పనిసరిగా ఇవ్వాలి. పాటలు, సినిమాలు ఒకే ఉపమెనూలో చూపించే డెస్క్‌టాప్‌లు ఆ మూడో పేరునే చూస్తాయి.

మూడో అడుగు: కాపీ చేసి మార్చండి

ఎంట్రీని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి కేటగిరీస్ వరస మార్చడం తేలికే. అయితే చాలా ఎంట్రీలు మార్చాలంటే డెస్క్‌టాప్-ఫైల్-యుటిల్స్ ప్యాకేజీలో వచ్చే డెస్క్‌టాప్-ఫైల్-ఇన్‌స్టాల్ కమాండ్ మంచిది. ఇది కాపీ చేయడం, మార్చడం రెండూ ఒకేసారి చేస్తుంది. డిర్ ఆప్షన్‌తో హోమ్‌లోని అప్లికేషన్స్ ఫోల్డర్‌ని చూపించండి, రిమూవ్-కేటగిరీ ఆప్షన్‌తో వద్దనుకున్న కోవ, యాడ్-కేటగిరీ ఆప్షన్‌తో కావలసిన కోవ ఇవ్వండి, చివర్లో అసలు ఎంట్రీ ఉన్న చోటు రాయండి. డిర్ ఆప్షన్ దగ్గర చిన్న జాగ్రత్త అవసరం. దాని తర్వాత సమాన గుర్తు పెట్టి వెంటనే టిల్డా రాస్తే బ్యాష్ (టెర్మినల్‌లో కమాండ్లు చదివే ప్రోగ్రామ్) ఆ టిల్డాని హోమ్‌గా అర్థం చేసుకోదు. ఆప్షన్ తర్వాత ఖాళీ వదిలి చోటు రాయండి, అప్పుడు సరిగ్గా పనిచేస్తుంది.

మార్పు అయ్యాక డెస్క్‌టాప్-ఫైల్-వ్యాలిడేట్ కమాండ్‌కి ఆ ఫైల్ ఇచ్చి చూడండి. స్పెల్లింగ్ తప్పులు, రెండు ప్రధాన కోవలున్నాయన్న సూచనలు, నియమాల్లో లేని కోవల పేర్లు అన్నీ చెబుతుంది. దీన్ని దాటవేయకండి. గ్రాఫిక్స్ అనే మాటలో ఒక అక్షరం పోతే ప్రోగ్రామ్ ఇతరాల్లోకి జారిపోతుంది, ఎందుకు జారిందో తెలియక మీరు .మెనూ ఫైళ్లన్నీ తిరగేస్తారు.

పేరు మార్చేటప్పుడు మరో విషయం చూసుకోవాలి. ఎంట్రీలో నేమ్ కీతో పాటు చాలా భాషల్లో పేర్లు ఉంటాయి. నేమ్ పక్కన చదరపు బ్రాకెట్లలో టీ, ఈ అనే రెండు చిన్నక్షరాలుంటే అది తెలుగు పేరు. మీ డెస్క్‌టాప్ తెలుగులో నడుస్తుంటే అదే కనిపిస్తుంది. మీరు ఉత్త నేమ్ వరసని మార్చి, తెలుగు వరసని అలాగే వదిలేస్తే తెరమీద ఏ మార్పూ ఉండదు. రెండూ మార్చండి, లేదా తెలుగు వరస లేకపోతే మీరే చేర్చండి. ఇది కూడా అన్ని డెస్క్‌టాప్‌లకీ ఒక్కసారే చేసే పని.

నాలుగో అడుగు: అక్కర్లేనివి దాచండి

దాచడానికి నాలుగు కీలున్నాయి. వీటి మధ్య తేడా తెలియకపోతే ఫైళ్లు తెరవడంలో ఇబ్బందులొస్తాయి, అందుకే ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

నోడిస్‌ప్లే (ఎన్, డి పెద్దక్షరాలు) కీకి ట్రూ అని ఇస్తే ఎంట్రీ మెనూలో కనిపించదు. కానీ ప్రోగ్రామ్ ఉన్నట్టే లెక్క. దానితో ముడిపడిన ఫైళ్లని రెండుసార్లు క్లిక్ చేస్తే అదే తెరుచుకుంటుంది. ఎక్కువసార్లు మీకు కావలసింది ఇదే.

హిడెన్ కీకి ట్రూ ఇస్తే ఆ ఎంట్రీ చెరిపేసినదానితో సమానం. మెనూ నుంచే కాదు, ఫైళ్లతో ఉన్న సంబంధం నుంచి కూడా పోతుంది. పీడీఎఫ్ చదివే ప్రోగ్రామ్‌ని మెనూలో వద్దనుకుని పొరపాటున హిడెన్ పెడితే, పీడీఎఫ్‌లు ఇక దానిలో తెరుచుకోవు. నిజంగా ఆ ప్రోగ్రామ్ లేనట్టే ఉండాలంటే తప్ప దీన్ని వాడకండి.

మిగతా రెండు, ఓన్లీషోఇన్, నాట్‌షోఇన్. మొదటిదానిలో ఏ డెస్క్‌టాప్‌ల పేర్లు రాస్తే వాటిలో మాత్రమే ఎంట్రీ కనిపిస్తుంది. రెండోది దానికి వ్యతిరేకం. ఒకటో అడుగులో రాసుకున్న పేర్లు ఇక్కడే కావాలి. వాటిని ఉన్నదున్నట్టు, చివర సెమీకోలన్‌తో రాయాలి.

వీటిని పొదుపుగా వాడండి. మెనూ అన్నిచోట్లా ఒకేలా ఉండాలన్నది మన ఉద్దేశం కదా, ప్రతిదాన్నీ ఒక్కో డెస్క్‌టాప్‌కి కట్టేస్తే ఆ ఉద్దేశమే పోతుంది. నాకు సబబుగా అనిపించే చోటు ఒకటే: డెస్క్‌టాప్‌కి సొంతమైన పనిముట్లు. ప్లాస్మా సెట్టింగ్స్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో తెరిస్తే ఉపయోగం తక్కువ, కాబట్టి దాన్ని కేడీఈకి పరిమితం చేయడం న్యాయమే. టెర్మినల్, ఫైల్ మేనేజర్, స్క్రీన్‌షాట్ ప్రోగ్రామ్‌లు ఒక్కో డెస్క్‌టాప్‌తో ఒకటి చొప్పున వచ్చి పోగుపడతాయి. వాటిలో మీకు నచ్చినదాన్ని అన్నిచోట్లా ఉంచి, మిగతావాటికి నోడిస్‌ప్లే ఇవ్వండి.

జంటగా కనిపించేవాటి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఒకే ప్రోగ్రామ్ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీగానూ, ఫ్లాట్‌ప్యాక్‌గానూ ఉంటే ఎంట్రీల పేర్లు వేరుగా ఉంటాయి. ఒకటి జింప్.డెస్క్‌టాప్ అయితే ఇంకోటి ఆర్గ్.జింప్.జింప్.డెస్క్‌టాప్. పేర్లు వేరు కాబట్టి సిస్టమ్ రెండిటినీ వేర్వేరు ప్రోగ్రామ్‌లుగానే చూస్తుంది. స్నాప్‌లో ఫైర్‌ఫాక్స్ ఎంట్రీ ఫైర్‌ఫాక్స్_ఫైర్‌ఫాక్స్.డెస్క్‌టాప్ అని ఉంటుంది. రెండూ కావలసిన అవసరం అరుదు, వీలైతే ఒకదాన్ని తీసేయడమే మేలు. రెండూ ఉంచాల్సివస్తే వాటి పేర్లలో తేడా తెలిసేలా నేమ్ మార్చండి.

ఐదో అడుగు: కాపీలు పాతబడకుండా చూసుకోండి

ఈ పద్ధతిలో ఉన్న అసలు బలహీనత ఇది. మీ కాపీ అసలు ఎంట్రీ మారినా మారదు. రేపు ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌లో నడిపే కమాండ్ మారితే, మెనూలో ఐకాన్ కనిపిస్తుంది కానీ క్లిక్ చేస్తే ఏమీ జరగదు. ప్రోగ్రామ్‌ని తీసేసినా కాపీ మాత్రం మెనూలో మిగిలిపోతుంది.

రెండో సమస్యకి చక్కని విరుగుడు ఉంది. ట్రైఎగ్జెక్ (టి, ఈ పెద్దక్షరాలు) అనే కీ చేర్చి, ప్రోగ్రామ్ కమాండ్ పేరు ఇవ్వండి. ఆ కమాండ్ కంప్యూటర్‌లో లేకపోతే ఎంట్రీ దానంతటదే కనుమరుగవుతుంది. ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రామ్‌లకి ఇది నేరుగా పనిచేయదు, ఎందుకంటే వాటిని నడిపే కమాండ్ ఫ్లాట్‌ప్యాకే, అది ఎప్పుడూ ఉంటుంది. అక్కడ /వార్/లిబ్/ఫ్లాట్‌ప్యాక్/ఎక్స్‌పోర్ట్స్/బిన్ ఫోల్డర్‌లో ఆ ప్రోగ్రామ్ గుర్తింపు పేరుతో ఉన్న ఫైల్‌ని పూర్తి దారితో ట్రైఎగ్జెక్‌కి ఇవ్వండి. ప్రోగ్రామ్‌తో పాటు ఆ ఫైల్ కూడా పోతుంది కాబట్టి మీ ఎంట్రీ కూడా మాయమవుతుంది. నేను ప్రతి కాపీలోనూ ఈ కీ పెట్టమంటాను. అదే కాపీల్ని వేరే కంప్యూటర్‌కి తీసుకెళ్లినప్పుడు, అక్కడ లేని ప్రోగ్రామ్‌లు మెనూలో కనిపించకుండా ఉండేది దీనివల్లే.

మొదటి సమస్యకి అలాంటి విరుగుడు లేదు. డిస్ట్రిబ్యూషన్ పెద్ద వెర్షన్ మారినప్పుడు డిఫ్ కమాండ్‌తో మీ కాపీనీ అసలు ఎంట్రీనీ పోల్చండి. ఎగ్జెక్ వరసలో (ప్రోగ్రామ్‌ని నడిపే కమాండ్ ఉండేది ఇక్కడే) తేడా ఉంటే అసలుదాని నుంచి తెచ్చుకోండి. అందుకే, నిజంగా మార్చాల్సిన ఎంట్రీలనే కాపీ చేయండి. మొత్తం ఫోల్డర్‌ని ఒకేసారి హోమ్‌లోకి కాపీ చేసే పని మాత్రం చేయకండి.

ఆరో అడుగు: ఒక్కో డెస్క్‌టాప్‌లో మిగిలిన పని

ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే, సినమన్, ఎల్‌ఎక్స్‌క్యూటీలలో ఇక్కడికి దాదాపు పని అయిపోయినట్టే. కోవలు చూసి అవే సర్దుకుంటాయి. గ్రాఫికల్ ఎడిటర్ కావాలంటే మెనూలిబ్రే వాడవచ్చు. ఎంట్రీల లోపలి వివరాలు మార్చడానికి అది సుఖంగా ఉంటుంది. ఏ ఎడిటర్ వాడినా ఒక నియమం పాటించండి: పేరు, ఐకాన్, కోవ, దాచడం లాంటివి మార్చవచ్చు. ఐకాన్ని పట్టుకుని ఒక ఉపమెనూ నుంచి ఇంకోదానిలోకి లాగవద్దు. లాగినప్పుడు ఆ మార్పు సాధారణంగా ఆ డెస్క్‌టాప్ సొంత .మెనూ ఫైల్‌లోకి వెళ్తుంది, మిగతావాటికి అందదు.

కేడీఈ ప్లాస్మాలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దాని మెనూ ఎడిటర్ కేమెనూఎడిట్‌లో మీరు లాగి వదిలినవన్నీ ~/.కాన్ఫిగ్/మెనూస్ లోపల అప్లికేషన్స్-కేమెనూఎడిట్.మెనూ అనే ఫైల్‌లో చేరతాయి. ప్లాస్మా తప్ప ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఇప్పటికే అక్కడ చాలా లాగి ఉంటే, మీ ఎంట్రీల కోవలు సరిచేశాక ఆ ఫైల్‌ని పక్కకి జరిపి చూడండి. మీరు చేతితో చేసిన సర్దుడు చాలావరకు ఇప్పుడు దానంతటదే రావాలి. మార్పులు వెంటనే కనిపించకపోతే ప్లాస్మా 6లో కేబిల్డ్‌సైకోకా6, ప్లాస్మా 5లో కేబిల్డ్‌సైకోకా5 కమాండ్ నడపండి. అది ప్లాస్మా దాచుకున్న పాత జాబితాని కొత్తగా తయారుచేస్తుంది. ఏ కోవకీ చెందని ప్రోగ్రామ్‌లు ప్లాస్మాలో లాస్ట్ అండ్ ఫౌండ్ అనే ఉపమెనూలో పడతాయి. అది ఖాళీ అయ్యేదాకా రెండో అడుగు పూర్తి కానట్టే.

గ్నోమ్ దారి వేరు. దాని అప్లికేషన్ల తెరలో ఉపమెనూలు లేవు, .మెనూ ఫైళ్లతో దానికి పని లేదు. కానీ ఫోల్డర్లున్నాయి. చాలామంది ఐకాన్లని ఒకదానిమీద ఒకటి వదిలి ఫోల్డర్లు చేసుకుంటారు. అలా చేస్తే ప్రతి కొత్త ప్రోగ్రామ్‌నీ మళ్లీ చేత్తోనే వేయాలి. అంతకంటే మంచి దారి, ఫోల్డర్‌కి కోవ ఇవ్వడం. అప్పుడు ఆ కోవకి చెందిన ప్రతి ప్రోగ్రామూ దానంతటదే లోపలికి చేరుతుంది. మీరు ఎంట్రీల్లో పడ్డ శ్రమ గ్నోమ్‌లో ఫలించేది ఇక్కడే.

దీనికి గ్నోమ్ సెట్టింగ్‌లని చూసే, మార్చే జీసెట్టింగ్స్ కమాండ్ వాడాలి. అందులో సెట్టింగ్‌ల గుంపుని స్కీమా అంటారు. ముందు ఆర్గ్.గ్నోమ్.డెస్క్‌టాప్.యాప్-ఫోల్డర్స్ అనే స్కీమాలో ఫోల్డర్-చిల్డ్రన్ అనే కీలో ఏముందో గెట్ తో చూడండి. అది మీ ఫోల్డర్ల జాబితా. సెట్ తో కొత్త జాబితా ఇచ్చినప్పుడు పాతది పూర్తిగా పోతుంది కాబట్టి, ఉన్న పేర్లని కూడా కలిపి రాయండి. ఉదాహరణకి గ్రాఫిక్స్, ఆఫీస్, నెట్‌వర్క్ అని మూడు పేర్లు చదరపు బ్రాకెట్లలో, ఒక్కోటీ ఒంటి కోట్ గుర్తుల మధ్య ఇవ్వండి. తర్వాత ఒక్కో ఫోల్డర్‌కీ వివరాలు. ఇక్కడ స్కీమా పేరు చివర .ఫోల్డర్ అని చేర్చి, కోలన్ పెట్టి, ఆ ఫోల్డర్ దారి రాయాలి: /ఆర్గ్/గ్నోమ్/డెస్క్‌టాప్/యాప్-ఫోల్డర్స్/ఫోల్డర్స్/గ్రాఫిక్స్/ అని. చివరి గీత మరచిపోతే కమాండ్ ఒప్పుకోదు. దానికి నేమ్ కీలో మీకు తెరమీద కనిపించాల్సిన పేరు, తెలుగులోనైనా సరే, ఇవ్వండి. కేటగిరీస్ కీలో చదరపు బ్రాకెట్లలో గ్రాఫిక్స్ అని ఇవ్వండి. కోవ సరిపోయినా ఆ ఫోల్డర్‌లో వద్దనుకున్నవాటి ఎంట్రీ పేర్లు ఎక్స్‌క్లూడెడ్-యాప్స్ కీలో రాయవచ్చు. ఫోల్డర్లు తెరమీద చిందరవందరగా ఉంటే ఆర్గ్.గ్నోమ్.షెల్ స్కీమాలోని యాప్-పికర్-లేఅవుట్ కీని రీసెట్ చేయండి, మళ్లీ అక్షర క్రమంలోకి వస్తాయి.

ఐ3, స్వే లాంటి విండో మేనేజర్లు వాడేవాళ్లు ఎక్కువగా రోఫీ, ఫజెల్ లాంటి లాంచర్లతో పేరు టైప్ చేసి వెతుక్కుంటారు. అక్కడ ఉపమెనూలు ముఖ్యం కాదు. నేమ్, జెనరిక్‌నేమ్, కీవర్డ్స్ కీలు బాగుంటే చాలు, నోడిస్‌ప్లే ఇచ్చినవి జాబితాలో రావు. ఓపెన్‌బాక్స్ మాత్రం తన సొంత ఎక్స్‌ఎంఎల్ మెనూని చదువుతుంది. ఎంట్రీల నుంచి ఆ మెనూని తయారుచేసే ప్రోగ్రామ్ ఒకటి దానికి విడిగా తగిలించుకోవాలి.

మీ సొంత ఉపమెనూ కావాలంటే

13 కోవలూ మీ పనికి సరిపోకపోవచ్చు. ఉదాహరణకి చదువుకి వాడే నాలుగైదు ప్రోగ్రామ్‌లని ఒకే ఉపమెనూలో చూడాలనుకుంటారు. అది కూడా ఉమ్మడిగానే చేయవచ్చు.

ముందు ఆ ఎంట్రీలకి సొంత కోవ ఇవ్వండి. నియమాల్లో లేని కోవల పేర్లు పెద్ద ఎక్స్ అక్షరం, అడ్డగీతతో మొదలవ్వాలి. అంటే ఎక్స్-చదువు. అవి ఈ ఉపమెనూలో మాత్రమే కనిపించాలంటే మిగతా కోవలన్నీ తీసేసి ఇదొక్కటే ఉంచండి. వ్యాలిడేట్ కమాండ్ ప్రధాన కోవ లేదని సూచిస్తుంది, ఇక్కడ దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

తర్వాత ~/.లోకల్/షేర్/డెస్క్‌టాప్-డైరెక్టరీస్ ఫోల్డర్‌లో చదువు.డైరెక్టరీ అనే ఫైల్ పెట్టండి. దీని రూపం ఎంట్రీ లాగే ఉంటుంది, టైప్ కీకి డైరెక్టరీ అని, నేమ్, ఐకాన్ కీలకి మీకు నచ్చినవి ఇస్తే చాలు.

చివరగా ~/.కాన్ఫిగ్/మెనూస్/అప్లికేషన్స్-మెర్జ్‌డ్ ఫోల్డర్‌లో చదువు.మెనూ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్. దానిలో బయట ఒక మెనూ ట్యాగ్, దాని నేమ్ అప్లికేషన్స్. దాని లోపల ఇంకో మెనూ ట్యాగ్, దాని నేమ్ మీరు పెట్టుకున్న పేరు. ఈ లోపలి మెనూలో డైరెక్టరీ ట్యాగ్‌లో చదువు.డైరెక్టరీ అని, ఇంక్లూడ్ ట్యాగ్ లోపల కేటగిరీ ట్యాగ్‌లో ఎక్స్-చదువు అని రాయండి. డెస్క్‌టాప్ వాడే .మెనూ ఫైల్ పేరుకి ముందు ఏ ముక్క ఉన్నా, కలుపుకునే ఫోల్డర్ పేరు అప్లికేషన్స్-మెర్జ్‌డ్ గానే ఉండాలని నియమాలు చెబుతాయి. ఈ ఒక్క ఫైల్‌తో అన్ని డెస్క్‌టాప్‌ల మెనూల్లోకీ చేరగలిగేది అందుకే. గ్నోమ్‌లో అయితే ఇదే ఎక్స్-చదువు కోవతో ఒక ఫోల్డర్ చేసుకోండి.

ఈ ఫోల్డర్ తెరిచినప్పుడు వైన్ అనే మాటతో మొదలయ్యే ఫైళ్లు కనిపిస్తే కంగారు పడకండి. వైన్ ద్వారా విండోస్ ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది తన .మెనూ ఫైళ్లని ఇక్కడా, ఎంట్రీలని ~/.లోకల్/షేర్/అప్లికేషన్స్/వైన్ లోపలా పెడుతుంది. ఆ ప్రోగ్రామ్‌లు తీసేశాక కూడా ఇవి మిగిలిపోయి ఉంటే రెండుచోట్లా చెరిపేయండి.

ఇంకో కంప్యూటర్‌కి తీసుకెళ్లడం

తీసుకెళ్లాల్సినవి నాలుగు: ~/.లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో మీరు మార్చిన ఎంట్రీలు, డెస్క్‌టాప్-డైరెక్టరీస్ ఫోల్డర్, అప్లికేషన్స్-మెర్జ్‌డ్ ఫోల్డర్, గ్నోమ్ ఫోల్డర్ల అమరిక. చివరిదాన్ని డీకాన్ఫ్ డంప్ కమాండ్‌కి /ఆర్గ్/గ్నోమ్/డెస్క్‌టాప్/యాప్-ఫోల్డర్స్/ అనే దారి ఇచ్చి ఒక ఫైల్‌లోకి రాసుకోవాలి. కొత్త కంప్యూటర్‌లో అదే దారితో డీకాన్ఫ్ లోడ్ ద్వారా తిరిగి ఎక్కించాలి. గిట్ అలవాటున్నవాళ్లు ఈ నాలుగింటినీ ఒక రిపాజిటరీలో ఉంచితే, ఏ ఎంట్రీలో ఎప్పుడు ఏం మార్చారో కూడా తెలుస్తుంది.

మైమ్‌ఇన్ఫో.క్యాష్ అనే ఫైల్‌ని తీసుకెళ్లవద్దు. కొత్తచోట అప్‌డేట్-డెస్క్‌టాప్-డేటాబేస్ కమాండ్‌కి మీ అప్లికేషన్స్ ఫోల్డర్ ఇచ్చి నడిపితే అక్కడి ప్రోగ్రామ్‌లకి తగ్గట్టు అది కొత్తగా తయారవుతుంది. కేమెనూఎడిట్ రాసిన .మెనూ ఫైల్‌ని కూడా పాతచోటే వదిలేయండి. కంప్యూటర్ వాడే అందరికీ ఇదే మెనూ కావాలనుకుంటే ఎంట్రీలని హోమ్‌లో కాకుండా /యూఎస్ఆర్/లోకల్/షేర్/అప్లికేషన్స్‌లో, ఉపమెనూ ఫైల్‌ని /ఈటీసీ/ఎక్స్‌డీజీ/మెనూస్/అప్లికేషన్స్-మెర్జ్‌డ్‌లో పెట్టండి. ఎవరైనా తమ హోమ్‌లో వేరేగా సర్దుకుంటే వాళ్లకి వాళ్లదే కనిపిస్తుంది.